ఇంట్లో బీరుకు ఏ నీళ్లు: వానవా, కుళాయివా, బోరువా, ఆర్వోవా?

ఇంట్లో బీరు చేసేవాళ్లం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) గురించి, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పువ్వులు) గురించి, ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) గురించి గంటల తరబడి వాదించుకుంటాం గానీ, గ్లాసులో 90 శాతానికి పైగా ఉండే నీళ్ల దగ్గరికొచ్చేసరికి కుళాయి తిప్పి పట్టేస్తాం. ఆ తర్వాత ఏదో ఒక రోజు మంచి వాన పడుతుంది, ట్యాంకు నిండుతుంది, ఊరికే చూద్దామని కరిగిన లవణాల అంచనా చూపే టీడీఎస్ మీటర్ ముంచితే 12 చూపిస్తుంది. అదే మీటర్ కుళాయి నీళ్లలో పెడితే 480. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆకాశం నుంచి ఊరికే పడే ఇంత శుభ్రమైన నీళ్లు పెట్టుకుని ఈ ఉప్ప నీళ్లతో ఎందుకు చేస్తున్నాం అనిపిస్తుంది.

నేనూ ఆ 12 చూసే మోసపోయాను. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను: వాన నీళ్లు బీరుకు పనికొస్తాయి, కొన్ని రకాల బీర్లకు చాలా బాగా పనికొస్తాయి. కాకపోతే మొత్తం బ్యాచ్ వాటితోనే చేయడం కన్నా, గట్టిగా ఉండే, అంటే లవణాలు ఎక్కువున్న, కుళాయి నీళ్లను పలచన చేయడానికి వాడితేనే వాటి అసలు లాభం కనిపిస్తుంది. అది కూడా మీ కప్పు, మీ ట్యాంకు సరిగ్గా ఉంటేనే. ఆ రెండిట్లో ఏది తేడాగా ఉన్నా ఆర్వో నీళ్లు తెచ్చుకోండి, ఇంక ఆలోచించొద్దు.

ఆ మీటర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో. దాన్ని బట్టి కరిగిన లవణాలు ఎన్ని ఉండొచ్చో ఒక అంకె వేసి చూపిస్తుంది. పిట్టల రెట్టలోంచి వచ్చిన సాల్మొనెల్లా అనే రోగక్రిమి దానికి కనబడదు. పురుగుమందు కనబడదు. సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే మిల్లీగ్రాములో నూరో వంతు. అంత చిన్న మోతాదు ఆ మీటర్ అంకెలో ఎక్కడా తేలదు. కాబట్టి 12 అంటే "ఉప్పులు తక్కువ" అని మాత్రమే అర్థం, "తాగొచ్చు" అని కాదు.

ఇంకో కంగారు పీహెచ్ గురించి. వాన నీళ్లు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుంటూ పడతాయి కాబట్టి శుభ్రమైన వాన పీహెచ్ కూడా 5.6 దగ్గర ఉంటుంది. ఆమ్లం కదా, బీరు పుల్లబడుతుందేమో అని అడుగుతుంటారు. పుల్లబడదు. వాన నీళ్లకు పీహెచ్‌ని పట్టి నిలబెట్టే శక్తి దాదాపు సున్నా, మాల్ట్ పడిన మరుక్షణం మాల్ట్ చెప్పినట్టే వింటాయి. (పీహెచ్ అనే కొలతే పుట్టింది ఒక బీరు కంపెనీ ల్యాబులో. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్ సోరెన్‌సన్ దాన్ని ప్రవేశపెట్టాడు. పీహెచ్ మీటర్ శుభ్రం చేసుకునేటప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను, ఎప్పుడూ మంచిగానే అని చెప్పలేను.)

ఆ కాస్త ఆమ్లత్వం అసలు సమస్య తెచ్చేది వేరేచోట. ఉప్పుల్లేని, కొంచెం ఆమ్లంగా ఉన్న నీళ్లు ఆకలి మీద ఉన్నట్టు ఉంటాయి, దారిలో ఏ లోహం తగిలినా కరిగించుకుంటాయి. కప్పు అతుకుల దగ్గర మడిచి పెట్టే సీసం రేకు (ఫ్లాషింగ్), పాత పెయింటు, జింకు పూత పోయిన రేకు, రాగి గొట్టం, ఇత్తడి కుళాయి, ఏది దొరికితే అది. వాన నీళ్లను అంచనా వేయాలంటే అందుకే ఆకాశం వైపు కాదు, కప్పు వైపు చూడాలి.

కప్పు, గట్టర్, ట్యాంకు

కప్పుల్లో బీరుకు నేను సరే అనేవి మూడే: రంగు పూత బాగున్న లోహపు రేకు, నాచు పట్టని మట్టి పెంకు, పగుళ్లు లేని కాంక్రీటు. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులైతే వద్దు. తారు పూసిన షింగిల్స్ వద్దు, వాటి నుంచి తారులోని రసాయనాలు నీళ్లలోకి వస్తాయి. పురుగు పట్టకుండా మందు పట్టించిన చెక్క వద్దు. చిమ్నీ పక్కన సీసం రేకు మడిచి పెట్టి ఉంటే, కప్పు మిగతాదంతా ఎంత బాగున్నా ఆ నీళ్లు మొక్కలకే. కప్పు మీదికి చెట్టు కొమ్మ వాలి ఉంటే, అక్కడ పిట్టలు కూర్చుంటాయి, ఉడతలు తిరుగుతాయి, ఆకులు గట్టర్‌లో కుళ్లుతాయి. కొమ్మ కొట్టేంత ఓపిక లేకపోతే ఆ వైపు గొట్టం ట్యాంకుకి కలపకండి.

తొలి నీళ్లు వదిలేయడం గురించి అందరూ చెబుతారు, ఎవరూ సరిగ్గా వదలరు, నాతో సహా. లెక్క చాలా తేలిక: ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 చదరపు మీటర్ల రేకు మీద మొదటి 2 మిల్లీమీటర్ల వాన వదిలేయాలంటే 40 లీటర్లు పారబోయాలి. మనసొప్పదు. నేను ఒకసారి రెండు గాజు సీసాలు పట్టాను, ఒకటి వాన మొదలైన రెండు నిమిషాలకు, ఇంకోటి అరగంట తర్వాత, అదే గొట్టం నుంచి. మొదటి సీసా పలచటి టీ రంగులో ఉంది, అడుగున గోరు మందం బూడిద రంగు మడ్డి, పైన తేలుతూ ఒక ఈక ముక్క. రెండోది గాజు సీసా ఖాళీగా ఉందా అన్నంత తేటగా ఉంది. అప్పటి నుంచి 40 లీటర్లు పారబోయడానికి చెయ్యి వణకడం లేదు. చాలా రోజులు ఎండ కాసిన తర్వాత పడే మొదటి వానైతే మొత్తం వాననే వదిలేస్తాను, రెండో వానకి పట్టుకుంటాను. 10 మిల్లీమీటర్ల వాన పడితే అదే 20 చదరపు మీటర్ల రేకు నుంచి తొలి నీళ్లు, చెదిరిపోయేవి పోగా 130 లీటర్ల దాకా మిగులుతాయి, 20 లీటర్ల బీరుకు కావలసింది సుమారు 30. లోటేమీ రాదు.

ట్యాంకులోకి వెలుతురు దూరకూడదు. దూరితే నాచు, నాచు వెనకాలే వాసన. ప్లాస్టిక్ అయితే తాగునీటికి పనికొచ్చే రకం, ముదురు రంగుది, మూతకి దోమలు దూరని జాలీ. సిమెంటు ట్యాంకు వేరే కథ: వాన నీళ్లు గోడల్లోని సున్నాన్ని కొంచెం కొంచెం తింటాయి, కొత్త ట్యాంకైతే పీహెచ్ 8 దాటిపోతుంది, కాల్షియం, క్షారత (ఆమ్లాన్ని అడ్డుకునే గుణం) రెండూ ఎక్కుతాయి. అది చెడేమీ కాదు, కాకపోతే మీ దగ్గరున్నవి ఇక చప్పటి వాన నీళ్లు కావు, కొలవకుండా "వాన నీళ్లే కదా" అని ఉప్పుల లెక్క వేస్తే తప్పుతుంది. ఇంకోటి, నీళ్లు అడుగు కుళాయి నుంచి పట్టకండి. మడ్డి అంతా అక్కడే కూర్చుంటుంది. నీటి మట్టానికి ఒక జానెడు కింద నుంచి తీసే తేలే గొట్టం పెట్టుకుంటే చాలా గొడవలు తగ్గుతాయి.

మట్టి వాసన

నా మొదటి వాన నీళ్ల బ్యాచ్ పాడైంది ఈ విషయంలోనే. లేత రంగు బీరు, హాప్స్ తక్కువ వేసింది, అంటే దాక్కోవడానికి చోటు లేని బీరు. మూడు వారాల తర్వాత మూత తీస్తే తొలకరి పడ్డప్పటి మట్టి వాసన. ఆరుబయట పీలిస్తే ప్రాణం లేచొచ్చే వాసనే అది, గ్లాసులోంచి వస్తే మాత్రం తడి నేల మాళిగలో కూర్చుని తాగుతున్నట్టుంది. 20 లీటర్లూ పారబోశాను.

దాని పేరు జియోస్మిన్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు, నీలి ఆకుపచ్చ నాచులు దాన్ని తయారు చేస్తాయి. మన ముక్కు దాన్ని లీటరుకు 10 నానోగ్రాముల దగ్గరే పట్టేస్తుంది, అంటే గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము, అలాంటివి పది. మరిగిస్తే కొంత ఆవిరితో పోతుంది, పూర్తిగా పోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ మాత్రం బాగా పట్టుకుంటుంది.

అందుకే ఇప్పుడు బీరు చేసే ముందు రోజు ఒక చిన్న పరీక్ష చేస్తాను. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో సగం దాకా నీళ్లు, మూత పెట్టి ఆ సీసాని వేడి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచి, గోరువెచ్చగా అయ్యాక బాగా ఊపి, మూత తీసిన క్షణంలో వాసన చూడాలి. చల్లటి నీళ్లలో దాక్కున్నది వెచ్చబడితే బయటపడుతుంది. పక్కన ఆర్వో నీళ్లతో ఇంకో సీసా పెట్టుకుని పోల్చుకుంటే ఇంకా నయం. వాన సీసాలో ఏ మాత్రం తేడా తెలిసినా ఆ ట్యాంకు నీళ్లు ఆ వారం బీరుకు రావు. నోట్లో మాత్రం పోసుకోకండి, ఇది ముక్కు పరీక్షే.

మరిగిస్తే సరిపోదా?

సూక్ష్మజీవుల వరకు సరిపోతుంది. తాగునీటికి ఒక నిమిషం తెర్లనివ్వమంటారు, 2000 మీటర్ల పైన ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు. మనం వర్ట్‌ని, అంటే మాల్ట్ నుంచి దిగిన తీపి రసాన్ని, గంట మరిగిస్తాం. సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం, ఏదీ బతకదు. లోహాల సంగతి దానికి తిరగబడుతుంది: 27 లీటర్లు మరిగి 23 అయితే నీళ్లే పోతాయి, సీసం పోదు, గాఢత సుమారు 17 శాతం పెరుగుతుంది. నాచు విషాల్లో కొన్ని, మైక్రోసిస్టిన్ లాంటివి, మరిగించినా పోవు. పచ్చగా మారిన ట్యాంకుని "గంట మరిగిస్తాం కదా" అని వాడటం అందుకే బుద్ధి తక్కువ పని.

ఇక్కడ కిట్లతో బీరు చేసేవాళ్లు ఆగి చదవాలి. డబ్బాలో చిక్కటి మాల్ట్ సారం వస్తుంది, దాన్ని రెండు మూడు లీటర్ల వేడి నీళ్లలో కలిపి మిగతా పదిహేను ఇరవై లీటర్లు చల్లటి నీళ్లు పోసేయమని కాగితం మీద రాసుంటుంది. ఆ చల్లటి నీళ్లు పచ్చి వాన నీళ్లు కాకూడదు, ఎంత తేటగా ఉన్నా సరే. అవే వాడాలనుకుంటే మొత్తం ముందు రోజు మరిగించి, మూత పెట్టి చల్లార్చి వాడండి. లేదంటే అంత తతంగం దేనికి, సీలు ఉన్న నీళ్లు తెచ్చుకోండి. బీరులో ఆల్కహాల్, హాప్స్, తక్కువ పీహెచ్ కలిసి రోగక్రిముల్ని పెరగనివ్వవు అనేది నిజమే, కానీ పులియడం మొదలవ్వక ముందు ఆ రక్షణ పూర్తిగా ఉండదు.

శానిటైజ్ చేసిన సీసాలు కడగడానికి కూడా పచ్చి వాన నీళ్లు వాడొద్దు. చేసిందంతా ఒక్క తొలుపుతో పోతుంది.

ఒక్కో నీళ్లు ఎలాంటివి

కుళాయి నీళ్ల గొప్పతనం ఏంటంటే అవి ఎవరో పరీక్షించిన నీళ్లు. సరఫరా చేసేవాళ్ల నివేదిక దొరికితే కాల్షియం, సల్ఫేట్, క్లోరైడ్, క్షారత అంకెలు చేతికొస్తాయి. వాటిలో తప్పక తీయాల్సింది క్లోరిన్ లేదా క్లోరమైన్. అది మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిస్తే మందుల కంపు కొట్టే క్లోరోఫినాల్స్ పుడతాయి, చిటికెడంత ఉన్నా నాలుకకు తెలిసిపోతుంది. క్లోరిన్ అయితే రాత్రంతా మూత తీసి ఉంచినా, మరిగించినా పోతుంది. క్లోరమైన్ అంత తేలిగ్గా కదలదు. క్యాంప్డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) ఒకటి 75 లీటర్ల దాకా సరిపోతుంది కాబట్టి 30 లీటర్లకు సగం నలిపి వేస్తే కొన్ని నిమిషాల్లో రెండూ పోతాయి. మీ కుళాయి నీళ్లు మెత్తగా ఉంటే, అంటే కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టకపోతే, వాన నీళ్ల కోసం పాకులాడాల్సిన పనే లేదు. సగం మాత్ర వేసి బీరు చేసుకోండి.

బోరు నీళ్లు పూర్తిగా అదృష్టం మీద ఆధారం. ఒక్కోచోట క్షారతకు మూలమైన బైకార్బొనేట్ లీటరుకు 400 మిల్లీగ్రాములుంటుంది, ఒక్కోచోట ఇనుము. ఇనుము 0.3 మిల్లీగ్రాముల దగ్గరే నాలుకకి తెలుస్తుంది, బీరులో నెత్తురు రుచిలా ఉంటుంది. నైట్రేట్ ఎక్కువున్న బోరు అయితే ల్యాబు కాగితం చూడకుండా ముట్టుకోవద్దు. ఇంట్లో ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ ఉంటే ఆ మెషీన్ దాటిన నీళ్లు అసలు వద్దు, అది కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, క్షారతని అలాగే వదిలేస్తుంది. బీరుకు కావాల్సింది తీసి అక్కర్లేనిది పెట్టినట్టు.

ఆర్వో, డిస్టిల్డ్ నీళ్లు లవణాల విషయంలో వాన నీళ్లకు సొంత అన్నదమ్ములు. ఖాళీ పలక. తేడా నమ్మకంలో ఉంది: ఆర్వో నీళ్లు ఈ వారం ఎలా ఉన్నాయో వచ్చే నెలా దాదాపు అలాగే ఉంటాయి, వాన నీళ్లు ఏ వానకి ఆ వానే. ఆర్వోకి ఉన్న చెడు, ఇంట్లో మెషీన్ అయితే ఒక లీటరు ఇవ్వడానికి అంతకు మించి నీళ్లు పారబోస్తుంది. సీసాల్లో అమ్మే మినరల్ వాటర్ మీద లవణాల పట్టిక ఉంటే అది చూసుకుని వాడొచ్చు, కానీ 30 లీటర్లు సీసాలు విప్పి పోసే ఓపిక మీకుంటే నా నమస్కారం.

ఏ బీరుకి ఏది

నీళ్లను బట్టి బీరు పుట్టిన రోజులుండేవి. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్‌సెన్‌లో జోసెఫ్ గ్రోల్ మొదటి పిల్స్‌నర్ చేశాడు, ఆ ఊరి నీళ్లు వాన నీళ్లలా మెత్తనివి. ఇంగ్లండ్‌లోని బర్టన్ అపాన్ ట్రెంట్ నీళ్ల నిండా జిప్సం (కాల్షియం సల్ఫేట్), అక్కడి పేల్ ఏల్స్ చేదు గీసినట్టు స్పష్టంగా ఉండటానికి అదొక కారణం. డబ్లిన్ నీళ్లలో క్షారత ఎక్కువ, మాడ్చిన గింజల పులుపుని అది సర్దేస్తుంది కాబట్టి నల్ల బీరు అక్కడ కుదిరింది. వాన నీళ్లు పట్టుకున్నవాడు పిల్‌సెన్‌లో ఉన్నట్టు. పిల్స్‌నర్, గోధుమ బీరు, తేలికపాటి లేత బీర్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు.

నల్ల బీరుకైతే ఇదే తలకిందులు. నా రెండో తప్పు అక్కడే. మట్టి వాసన గొడవ ఫిల్టర్‌తో తీర్చుకున్నాక ధైర్యం పెరిగి స్టౌట్ అనే నల్ల బీరు మొత్తం వాన నీళ్లతో చేశాను, ఒక్క గ్రాము ఉప్పు కలపలేదు. మాష్ అంటే మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టి చక్కెరలు లాగే దశ, దాని పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. మాడ్చిన గింజలు ఆమ్లంగా ఉంటాయి, ఆ నీళ్లలో అడ్డుకునేది ఏమీ లేదు, మీటర్ 4.9కి జారిపోయింది. బీరు తాగగలిగేలాగే వచ్చింది గానీ, పలచగా, కాఫీ అడుగున మిగిలిన పులుపులా ఉంది. అదే స్టౌట్ మా కుళాయి నీళ్లతో, ఆ 480 టీడీఎస్ నీళ్లతో, ఎంత గుండ్రంగా వచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్లూ నేను తిట్టిన నీళ్లే అవి. వాన నీళ్లతోనే స్టౌట్ చేయాలని పట్టుదల ఉంటే మాష్‌లో వంట సోడా కొంచెం కొంచెంగా, మీటర్ చూస్తూ వేయాలి.

లేత మాల్ట్ ఒక్కటే వాన నీళ్లలో వేస్తే పీహెచ్ ఎదురు వైపు వెళ్తుంది, 5.7, 5.8 దగ్గర కూర్చుంటుంది. అక్కడ కాల్షియం కావాలి. కాల్షియం మాష్ పీహెచ్‌ని కిందకి లాగుతుంది, ఎంజైములకు ఆసరా ఇస్తుంది, చివర్లో ఈస్ట్ ముద్దకట్టి అడుగుకి దిగడానికి, బీరు తేటపడడానికి తోడ్పడుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటే చాలు. మొత్తం 30 లీటర్ల వాన నీళ్లకు 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్, 2 గ్రాముల జిప్సం వేస్తే కాల్షియం 52 దగ్గరికి, క్లోరైడ్ 64కి, సల్ఫేట్ 37కి వస్తాయి. ఇది మాల్ట్ రుచి ముందుండే మెత్తటి బీరుకు. హాప్స్ గట్టిగా తెలియాలంటే తిప్పేయండి, జిప్సం 6, కాల్షియం క్లోరైడ్ 2: సల్ఫేట్ 110 దాటుతుంది, కాల్షియం 65. ఇవి రెండు నీళ్ల అణువులతో ఉండే మామూలు కాల్షియం క్లోరైడ్ గుళికల లెక్కలు. అది గాలిలో తేమ పీల్చి బరువెక్కుతుంది, డబ్బా మూత సరిగ్గా పెట్టండి. గ్రాముల్లో తూచండి, చెంచాల్లో కాదు. ఇంకా పీహెచ్ దిగకపోతే ఆసిడ్యులేటెడ్ మాల్ట్ (ఆమ్లం పట్టించిన మాల్ట్) వేసుకోవచ్చు, మొత్తం గింజల్లో 1 శాతం వేస్తే సుమారు 0.1 దిగుతుంది.

సారంతో చేసేవాళ్లకు ఈ బాధేమీ లేదు. మాష్ ఎవరో ఫ్యాక్టరీలో చేసేశారు, వాళ్ల నీళ్లలోని లవణాలు కూడా ఆ సారంలోనే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది ఏమీ లేని నీళ్లే. ఆ లెక్కన వాన నీళ్లు వాళ్లకే ఎక్కువ సరిపోవాలి, ఇందాక చెప్పిన మరిగించే షరతు గుర్తుంటే.

పలచన చేయడం, నాకు నచ్చిన దారి

కుళాయి నీళ్లలో బైకార్బొనేట్ 300 ఉందనుకుందాం. లేత బీరుకు అది చాలా ఎక్కువ, 50 లోపు ఉంటే హాయి. సగం వాన నీళ్లు కలిపితే 150. రెండు వంతుల వాన, ఒక వంతు కుళాయి అయితే 100, అంబర్ రంగు బీరుకు సరిగ్గా సరిపోతుంది. ఐదు వంతులకు ఒకటి అయితే 50. ఇందులో ఇంకో సుఖం ఉంది, కుళాయి నీళ్ల నుంచి కాస్త కాల్షియం దానంతట అదే వస్తుంది, ఉప్పు డబ్బాలు తక్కువ తెరవాలి. వాన నీళ్లలో ఏదైనా చిన్న లోపం ఉన్నా ఆ లోపం కూడా పలచబడుతుంది, అయితే దీన్ని చెడ్డ ట్యాంకుకి సాకుగా వాడుకోవద్దు.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. 2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ముందుండి వేసిన పరిశోధనా పత్రం, వాన నీళ్లలో పీఎఫ్ఏఎస్ అనే మొండి రసాయనాలు ప్రపంచమంతటా ఉన్నాయని, అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటికి సూచించిన స్థాయిని అవి మించుతున్నాయని చెప్పింది. మరిగిస్తే పోవు. కార్బన్ ఫిల్టర్ కొంత తగ్గిస్తుంది, ఆర్వో ఇంకా బాగా తగ్గిస్తుంది. దీన్ని చూసి వాన నీళ్లు మానేయాలా అంటే, అదే రసాయనాలు నేల మీది నీళ్లలోనూ ఉంటాయి కాబట్టి నేను మానలేదు. రోజూ తాగే నీళ్లు కావు, నెలకొక బ్యాచ్. మీకు ఆ టెన్షన్ ఉంటే, ముఖ్యంగా కాలుష్యం ఎక్కువున్న చోట ఉంటే, వాన నీళ్లనే ఆర్వో గుండా పంపించండి. ఉప్పులు తక్కువ కాబట్టి మెషీన్ పొర మీద భారం కూడా తక్కువే.

వాన నీళ్లతో బీరు అంటే ఏదో పిచ్చి ఆలోచన అనుకునేవాళ్లకి ఒక సంగతి: 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టిన వాన నీళ్లను వడకట్టి, మరిగించి, హేమెల్స్‌వాటర్ అనే పేరుతో బీరు చేసి అమ్మారు. ఆ మాటకు డచ్‌లో ఆకాశపు నీళ్లు అని అర్థం. అక్కడ కూడా వడపోత మానలేదు, గమనించండి.

ఫిల్టర్ విషయంలో నా వరస ఇది: గట్టర్ జాలీ, తొలి నీళ్ల గొట్టం, ట్యాంకు, 5 మైక్రాన్ల మడ్డి ఫిల్టర్, కార్బన్ బ్లాక్. యూవీ దీపం పెట్టుకోవాలా అంటే, మొత్తం నీళ్లు మరిగించేవాడికి అక్కర్లేదు. కార్బన్ గుళికని సమయానికి మార్చకపోతే అదే సూక్ష్మజీవుల పుట్ట అవుతుంది, ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. ఏడాదికొకసారి అయినా ల్యాబులో సీసం, జింకు, రాగి, నైట్రేట్, కోలిఫాం బ్యాక్టీరియా చూపించుకోండి. సీసం ఒక్కసారి ఎక్కువొస్తే ఆ కప్పు నీళ్లకు అక్కడితో సెలవు, కారణం వెతికి తీసేదాకా.

మీరున్న చోట ఇంట్లో బీరు చేయడానికి, వాన నీళ్లు పట్టుకోవడానికి చట్టం ఏమంటుందో కూడా ముందే చూసుకోండి. రెండూ అన్నిచోట్లా ఒకేలా లేవు.

కప్పు సరిగ్గా లేనివాళ్లకీ, పరీక్ష చేయించే ఓపిక లేనివాళ్లకీ కూడా ట్యాంకు దండగ కాదు. 20 లీటర్ల వర్ట్ చల్లార్చడానికి రాగి కాయిల్ గుండా పోయే నీళ్లు బీరులో పడే నీళ్లకన్నా ఎక్కువ, ఆ పనికి వాన నీళ్లు ఏ భయమూ లేకుండా వాడొచ్చు, కాయిల్ లోపల తెల్ల పొర కూడా కట్టదు. ముందుగా వచ్చే వేడి నీళ్లు ఒక టబ్‌లో పట్టుకుంటే గిన్నెల మొదటి కడుగుడు అయిపోతుంది. స్టార్ సాన్ లాంటి ఆమ్లపు శానిటైజర్లు హార్డ్ వాటర్‌లో తొందరగా తెల్లబడిపోతాయి, ఆర్వో నీళ్లలోనో మరిగించి చల్లార్చిన వాన నీళ్లలోనో కలిపితే చాలా రోజులు తేటగా నిలుస్తాయి.

ఇప్పుడు నా దగ్గర నడుస్తున్న లెక్క ఇది: పిల్స్‌నర్ అయితే ఐదు వంతుల వాన ఒక వంతు కుళాయి, పైన జిప్సం, కాల్షియం క్లోరైడ్ కాస్త కాస్త. అంబర్ అయితే రెండుకి ఒకటి. స్టౌట్ అయితే నేరుగా కుళాయి, సగం క్యాంప్డెన్ మాత్ర. వాసన పరీక్ష ఫెయిలైన వారం ఆర్వో. ట్యాంకు అడుగున ఎప్పుడూ ఒక 40 లీటర్లు మడ్డితో మిగులుతాయి, అవి జాలీలో వడకట్టి కాయిల్‌కి.